కొత్త కోచ్ మీద ఆశ: లాభం ఎవరికి?

"కొత్త కోచ్ వచ్చినాడప్పా, ఈసారి సూడు." ఫుట్‌బాల్ సీజన్ దగ్గర పడినప్పుడల్లా ఆదోని, ఎమ్మిగనూరు కుర్రాళ్ల నోట వినబడే మాట ఇది. జట్టు ఏదైనా కావచ్చు. భారత జట్టు, మొన్నమొన్నటి దాకా మనదనుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ, రాత్రి మేలుకొని ఫోన్‌లో చూసే మాంచెస్టర్ యునైటెడ్, ఏదైనా సరే మాట మారదు. దానికి జంటగా ఇంకో మాట ఉంటుంది: "వీడూ అంతేలే, ఆర్నెల్లకు పోతాడు." ఆశపడేవాళ్లు, అనుమానపడేవాళ్లు ఎదురెదురుగా కూర్చుని గంటలకొద్దీ వాదించుకుంటారు. కానీ ఇద్దరూ నమ్మేది ఒక్కటే: జట్టు తలరాత కోచ్ చేతిలో ఉంది. మంచోడు దొరికితే గెలుస్తాం, దొరక్కపోతే ఓడతాం.

ఈ నమ్మకాన్ని ఖండించాలి. ఇది చెడ్డ ఉద్దేశంతో పుట్టింది కాదు, ఆటను ప్రాణంగా చూసుకునేవాళ్ల నోటి నుంచే వస్తోంది. అందుకే చేసే హాని కూడా ఎక్కువ. జట్టును కూల్చినవాళ్లు ప్రతిసారీ ఈ నమ్మకం చాటునే తప్పించుకుంటున్నారు. చివరికి హైదరాబాద్ నుంచి క్లబ్బే తరలిపోయింది. అప్పుడు కూడా చాలామంది ఫలానా కోచ్ ఉండి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదనే అనుకున్నారు.

వాళ్లు చెప్పేది ఏమిటి?

ముందు ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో తొలి సీజన్ ఆడింది 2019-20లో. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫిల్ బ్రౌన్ కోచ్. సీజన్ నడుమనే అతణ్ణి తీసేశారు. 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. 2020 ఆగస్టు చివర్లో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ వచ్చాడు. మొదటి సీజన్‌లో ఐదో స్థానం, రెండో సీజన్‌లో ఏకంగా కప్పు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 దగ్గర ఆగి, పెనాల్టీల్లో 3-1తో హైదరాబాద్ వశమైంది. మరుసటి ఏడాది లీగ్‌లో 42 పాయింట్లతో రెండో స్థానం. 2023లో మనోలో గోవా క్లబ్బుకు వెళ్లిపోయాడు. ఆ సీజన్‌లో హైదరాబాద్ 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 8 పాయింట్లతో మళ్లీ అడుగుకు పడింది. ఆయన వచ్చాడు, గెలిచాం, పోయాడు, పడ్డాం. ఇంతకంటే రుజువేం కావాలని అడుగుతారు.

ఖాలిద్ జమీల్ పేరు కూడా చెబుతారు. 2015-16 ఐ-లీగ్‌లో కింది స్థాయికి దిగిపోవాల్సిన ఐజాల్ ఎఫ్‌సీ, గోవా క్లబ్బులు తప్పుకోవడంతో లీగ్‌లో మిగిలింది. మరుసటి ఏడాది జమీల్ చేతిలో అదే ఐజాల్ దేశ విజేత అయింది.

అన్నిటికంటే పెద్ద పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉండగా భారత్ 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం మళ్లీ రాలేదు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక ఈ కథ తెలియనివాళ్లకు కూడా తెలిసింది. "ఇంకొక్క రహీం సాబ్ పుట్టాల" అనడం మరింత తేలికైంది.

ఇవన్నీ జరిగినవే. వీటి మీద నిలబెట్టిన తీర్పే నిలబడదు.

1. అదే మనిషి, అదే ఏడాది, రెండు ఫలితాలు

2024 జులైలో భారత జట్టు కోచ్‌గా మనోలోను నియమించారు. ఎఫ్‌సీ గోవా కోచ్ పదవిని ఆయన వదల్లేదు. 2024-25 సీజనంతా రెండూ నడిపాడు. గోవా ఆ ఏడాది లీగ్‌లో రెండో స్థానంలో నిలిచి, 2025 మే 3న సూపర్ కప్ గెలిచింది. భారత జట్టు ఆయన కింద ఎనిమిది మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది, అదీ మాల్దీవుల మీద. జూన్ 10న హాంకాంగ్ చేతిలో 0-1తో ఓడింది. జులైలో ఆయన తప్పుకున్నాడు.

కోచే సర్వస్వమైతే ఈ రెండు వరుసలు పక్కపక్కన ఎలా ఉంటాయి? మనిషి ఒకడే, పద్ధతి ఒకటే, క్యాలెండర్ కూడా ఒకటే. గోవాలో రోజూ సాధన చేసే జట్టు ఉంది, అందుకు తగ్గట్టు ఎంచుకున్న ఆటగాళ్లున్నారు, జీతాలిచ్చే యాజమాన్యం ఉంది. జాతీయ జట్టులో కొన్ని రోజుల క్యాంపు, క్లబ్బులు వదిలిపెడితే వచ్చే ఆటగాళ్లు, గోల్ కొట్టే స్ట్రైకర్ కోసం వెతుకులాట. రెండు ఉద్యోగాలు చేయడం వల్లే ఆయన విఫలమయ్యాడని కొందరంటారు. అలాగైతే గోవా కూడా దెబ్బ తినాలి కదా? తినలేదు.

ఇంకో సంగతి. ఆ సూపర్ కప్ ఫైనల్‌లో గోవా చేతిలో 0-3తో ఓడిన జంషెడ్‌పూర్ జట్టు కోచ్ ఖాలిద్ జమీల్. మూడు నెలలు తిరక్కుండా, 2025 ఆగస్టు 1న, భారత జట్టులో మనోలో కుర్చీ ఆయనకు దక్కింది. ఆశ మళ్లీ చిగురించింది. మనవాడు, ఆటగాళ్ల మనసు తెలిసినవాడు, చిన్న జట్టును గెలిపించినవాడు. సెప్టెంబరులో మధ్య ఆసియా దేశాల కప్పులో ఒమాన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం తెచ్చేసరికి ఆ ఆశకు రెక్కలొచ్చాయి. అక్టోబరు 14న ఫటోర్డాలో సింగపూర్ 2-1తో గెలిచి 2027 ఆసియా కప్ తలుపు మూసేసింది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ 1-0తో ఓడించింది. ఐజాల్‌ను గెలిపించిన జమీల్ ఎనిమిదేళ్లలో ఆట మరిచిపోయాడా? మరిచిపోలేదు. ఐజాల్‌లో ఆయన చుట్టూ ఉన్నది ఇక్కడ లేదు.

ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. క్లాడియో రనియేరి 2015-16లో లెస్టర్ సిటీని ప్రీమియర్ లీగ్ విజేతను చేశాడు. 2017 ఫిబ్రవరిలో అదే క్లబ్ అతణ్ణి ఇంటికి పంపింది. కప్పు గెలిచి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

2. 2022 కప్పు మనోలో రాకముందే మొదలైంది

హైదరాబాద్ ఎఫ్‌సీ కథలో అభిమానులు తేదీలు సరిగ్గా చూడరు. ఫైనల్‌లో పెనాల్టీలు ఆపి కప్పు చేతికిచ్చిన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. 2019-20లో అడుగున నిలిచిన జట్టులో కూడా అతడున్నాడు. నిఖిల్ పూజారి, మహమ్మద్ యాసిర్, ఆశిష్ రాయ్ కూడా అప్పటివాళ్లే. వీళ్లెవరినీ మనోలో ఎంచుకోలేదు. అసలు 2020-21 జట్టును నడపాల్సింది ఆల్బెర్ట్ రోకా. ఆయన సీజన్‌కు ముందు బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు, ఆ ఖాళీలోకి మనోలో వచ్చాడు. కుర్ర భారతీయ ఆటగాళ్ల మీద డబ్బు, ఓర్పు పెట్టాలన్న నిర్ణయం అప్పటికే జరిగిపోయింది. మనోలో గొప్పతనం ఆ కుర్రాళ్లను నమ్మి బరిలోకి దింపడంలో ఉంది. అది తక్కువ పనేం కాదు. అయితే అది పంట చేతికొచ్చే దశలో చేసిన పని, విత్తిన చేయి వేరు.

ఇక పతనం సంగతి. 2023-24లో హైదరాబాద్ కూలిపోయింది మనోలో లేక కాదు. జీతాలు అందక కూలిపోయింది. పాత ఆటగాడికి బకాయి చెల్లించనందుకు ఫిఫా కొత్త ఆటగాళ్లను చేర్చుకోకుండా నిషేధం పెట్టింది. సీజన్ మధ్యలో విదేశీయులు, సీనియర్లు ఒక్కరొక్కరే సర్దుకుని పోయారు. మిగిలిన కుర్రాళ్లతో జట్టును లాక్కొచ్చింది థాంగ్‌బోయ్ సింగ్తో. 2022లో కప్పు గెలిచిన శిబిరంలో సహాయ కోచ్‌గా ఉన్నదీ ఈయనే. కప్పు దగ్గరుండి చూసినవాడే 8 పాయింట్ల సీజన్ కూడా చూశాడు. ఆయనకు ఆట తెలియక కాదు. ఆ స్థితిలో మనోలోను తెచ్చి నిలబెట్టినా ఏం చేసేవాడు? జీతం రాని ఆటగాడికి ఏ కోచ్ ఏం పాఠం చెబుతాడు?

2024లో యాజమాన్యం చేతులు మారింది. డిసెంబరులో సింగ్తోను తీసేశారు. కొత్త కోచ్, కొత్త ఆశ. 2025లో క్లబ్ గచ్చిబౌలి వదిలి ఢిల్లీకి వెళ్లి, పేరు కూడా మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆరేళ్లలో ఒక నగరం కప్పు గెలిచి, క్లబ్బును పోగొట్టుకుంది. ఆ ఆరేళ్ల చరిత్రను ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్న కోచ్‌ల జాబితాగా చదివితే అసలు జరిగింది ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

3. రహీం సాబ్‌ను ఒంటరిని చేయకండి

రహీం పేరును అందరూ వాడుకుంటారు, ఆయన చేసిన పనిని కొద్దిమందే చూస్తారు. ఇక్కడ కొంచెం ఆగాలి.

ఆయన కోచ్ మాత్రమే కాదు. 1943 నుంచి చనిపోయేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. లీగ్‌లు నడపడం, పిల్లలకు వాళ్ల ఎత్తును బట్టి పోటీలు పెట్టడం, బలహీనమైన కాలితోనే ఆడాలని నియమం పెట్టి రెండో కాలికి పని నేర్పడం, ఇవన్నీ ఆయన చేతుల మీదుగా జరిగాయి. అంటే జాతీయ జట్టులోకి ఎవరు రావాలో తేల్చిన మనిషే, అక్కడికి రాగలిగే పిల్లల్ని తయారుచేసే యంత్రాంగాన్ని కూడా నడిపాడు. ఈ రెండో పనిని నేడు ఏ కోచ్ చేతిలోనూ పెట్టరు. పెట్టకుండా ఆ ఫలితం మాత్రం అడుగుతారు.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కూడా గాలిలోంచి పుట్టలేదు. రహీం పగ్గాలు పట్టకముందే, 1943లో, బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ గెలిచింది. ఆ జట్టులో చోటు దొరకడమంటే పోలీసు ఉద్యోగం దొరకడం. ఇంటికి నెల జీతం వస్తుంది, సాయంత్రం మైదానం ఉంటుంది. ఆ భరోసా మీదే 1950 నుంచి 1954 వరకు ఐదేళ్లు వరుసగా బొంబాయి రోవర్స్ కప్ గెలిచారు. సికింద్రాబాద్ అమ్ముగూడ పేదింటి నుంచి తులసీదాస్ బలరాం లాంటి ఆటగాడు ఒలింపిక్స్‌కు వెళ్లాడంటే, పిల్లవాణ్ణి చూసే కన్నుతో పాటు అతణ్ణి నిలబెట్టే లీగ్ కూడా ఆ నగరంలో ఉంది.

"ఆయన పోయాడు, అంతా పోయింది" అంటారు. తేదీలు ఒప్పుకోవు. 1964లో, అంటే రహీం చనిపోయిన మరుసటి ఏడాది, హ్యారీ రైట్ కోచ్‌గా భారత్ ఆసియా కప్‌లో రెండో స్థానం పొందింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ హైదరాబాద్ బిడ్డ సయ్యద్ నయీముద్దీన్. అదే జట్టులో ఇంకో హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. కోచ్ పోయి ఏడేళ్లయినా నేల ఆటగాళ్లను ఇస్తూనే ఉంది. మంచి ఆటగాళ్లు కలకత్తా దారి పట్టాక, ఉద్యోగాలిచ్చి ఆటగాళ్లను నిలబెట్టే పద్ధతి సన్నగిల్లాక, మైదానాలు తరిగిపోయాక నేల ఎండింది. ఒక మరణం మీద ఈ నేరమంతా మోపడం అందరికీ సౌకర్యం. చనిపోయినవాణ్ణి తిరిగి తేలేం కదా, ఇక ఎవరూ ఏమీ చేయనక్కరలేదు.

హెల్సింకిని కూడా మరవకూడదు. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా భారత్‌ను 10-1తో ఓడించింది. కోచ్ రహీమే. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇవాళ ఆ ఓటమి జరిగితే రాత్రికి రాత్రే ఆయన్ను తీసేయాలని కేకలు లేచేవి. అప్పుడలా జరగలేదు; సమాఖ్య ఆ తరువాత బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో రహీం జట్టు సెమీఫైనల్‌కు చేరి, అదే యుగోస్లావియా మీద ముందుగా గోల్ కొట్టింది. చివరికి 4-1తో ఓడింది గానీ 10-1 నుంచి అక్కడికి రావడానికి పట్టింది నాలుగేళ్లు. "ఇంకొక్క రహీం" కావాలనేవాళ్లు ఆ నాలుగేళ్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారా?

4. గెలిచే చోట కోచ్‌లు మారినా గెలుస్తారు

ఆదోని నుంచి రైలెక్కితే ఒక రాత్రి దూరంలో ఉన్న బెంగళూరునే చూడండి. బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టింది. ఆష్లీ వెస్ట్‌వుడ్ కింద 2013-14లో, 2015-16లో ఐ-లీగ్ గెలిచింది. ఆయన వెళ్లాక రోకా వచ్చి 2016లో ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు తీసుకెళ్లాడు. భారతీయ క్లబ్ ఏదీ అంతకు ముందు అక్కడికి చేరలేదు. ఆయన వెళ్లాక కార్లెస్ క్వాద్రాత్ 2018-19 ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చాడు. ముగ్గురు కోచ్‌లు, ముగ్గురి చేతిలోనూ గెలుపు. యాజమాన్యం, జీతాలు, సాధన వసతి, యువ జట్టు మారలేదు.

మన శ్రీనిది డెక్కన్ కూడా ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన 2021-22లో మూడో స్థానం, తరువాత రెండు సీజన్లలో రెండో స్థానం సాధించింది. 2015లోనే పిల్లల జట్లతో మొదలైన క్లబ్ అది. దాని గురించి ఆదోని టీ అంగళ్లలో చర్చ వినబడదు, పేరున్న కోచ్ లేడు కాబట్టి.

ఐజాల్ విజయం వెనక కూడా ఇదే ఉంది. మిజోరం ప్రీమియర్ లీగ్ 2012లో మొదలైంది. 2014లో మిజోరం సంతోష్ ట్రోఫీ గెలిచింది. జమీల్ ఐజాల్‌లో దిగేసరికి అక్కడి కుర్రాళ్లు ఏళ్ల తరబడి సొంత లీగ్‌లో ఆడి ఉన్నారు. ఆ తరువాత జమీల్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. పెద్ద పేరు, పెద్ద డబ్బు. 2017-18లో దక్కింది నాలుగో స్థానం.

5. "మార్చాక గెలిచారు కదా?"

ఇది అన్నిటికంటే మొండి వాదం. నాలుగు మ్యాచ్‌లు వరుసగా ఓడారు, కోచ్‌ను మార్చారు, ఐదోది గెలిచారు. ఇంకేం కావాలి?

ఏ జట్టునైనా అది మరీ దిగజారినప్పుడే కోచ్‌ను మారుస్తారు. మరీ దిగజారిన జట్టు కొంత పైకి రావడం సహజంగానే జరుగుతుంది. గాయపడినవాళ్లు కోలుకుంటారు, మ్యాచ్‌ల వరుస తేలికవుతుంది, పోస్టుకు తగిలి బయటికి పోయిన బంతి ఈసారి లోపలికి పోతుంది. బాస్ టెర్ వీల్ అనే డచ్ ఆర్థికవేత్త 1986 నుంచి 2004 వరకు నెదర్లాండ్స్ లీగ్ ఫలితాలను పరిశీలించాడు. కోచ్‌ను మార్చిన క్లబ్బుల పక్కన, అంతే ఘోరంగా పడిపోయినా కోచ్‌ను మార్చని క్లబ్బులను పెట్టి చూశాడు. కోలుకోవడంలో మార్చిన క్లబ్బులు మార్చనివాటికంటే ముందుండలేదు. అంటే కొత్తవాడి ఖాతాలో మనం రాసే గెలుపులు చాలావరకు పాతవాడి కింద కూడా వచ్చేవే.

మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. 2013లో 13వ లీగ్ టైటిల్‌తో అలెక్స్ ఫెర్గూసన్ తప్పుకున్నాడు. తరువాత మోయెస్, వాన్ హాల్, మౌరినో, సోల్‌షేర్, టెన్ హాగ్, అమోరిమ్ వచ్చారు. ప్రతి ఆగస్టులో "ఈసారి సూడు." 2024-25లో ఆ క్లబ్ లీగ్‌లో 15వ స్థానంలో నిలిచింది. ఆరుగురూ అసమర్థులేనా? వాళ్లలో మౌరినో నాలుగు దేశాల్లో, వాన్ హాల్ మూడు దేశాల్లో అప్పటికే లీగ్‌లు గెలిచినవాళ్లు. ఆరుగురిని మింగిన చోట ఏడో మనిషి పేరు కోసం ఎదురుచూడటం మానేసి, ఆ చోటులో ఏముందో చూడాలి.

6. లాభం ఎవరికి?

కోచ్‌ను తీసేయడం యాజమాన్యానికి అన్నిటికంటే చవకైన పని. అకాడమీ కట్టడానికి పదేళ్లు పడుతుంది, కోచ్‌ను మార్చడానికి ఒక ప్రకటన చాలు. ప్రకటన వెలువడగానే అభిమాని కోపం ఆశగా మారిపోతుంది. అడగాల్సిన ప్రశ్నలు మరో సీజన్‌కు వాయిదా పడతాయి.

భారత జట్టు విషయంలో జరిగింది ఇదే. 2024 జనవరిలో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో ఓడారు. జూన్‌లో కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. మనోలో వచ్చాడు, వెళ్లాడు. జమీల్ వచ్చాడు. ఈ మధ్యలో ఒక సంగతి ఎవరినీ కదిలించకుండా గడిచిపోయింది. 2024 జూన్‌లో రిటైరైన సునీల్ ఛెత్రీని 2025 మార్చిలో నలభయ్యో ఏట తిరిగి జాతీయ జట్టులోకి పిలవాల్సి వచ్చింది. 2024-25 సూపర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్, 14, కొట్టిన భారతీయుడు కూడా ఆయనే. ఒక దేశంలో నలభై ఏళ్ల వయసువాడికి పోటీ ఇచ్చే పాతికేళ్ల స్ట్రైకర్ లేడు. క్లబ్బులు గోల్ కొట్టే స్థానాన్ని విదేశీయులకు అప్పగించి ఏళ్లయింది. ఆ స్థానంలో ఆడని కుర్రాడు జాతీయ జట్టు చొక్కా తొడగ్గానే గోల్స్ ఎలా కొడతాడు? ఇది కోచ్ తీర్చగల లోటు కాదు.

అంతకంటే పెద్ద దెబ్బ 2025లో తగిలింది. అప్పటిదాకా లీగ్‌ను నడిపిన సంస్థకూ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ ఉన్న ఒప్పందం ఆ డిసెంబరుతో ముగియాల్సి ఉంది. పొడిగింపు తేలలేదు. సెప్టెంబరు ప్రాంతంలో మొదలవ్వాల్సిన సూపర్ లీగ్ ఆ సంవత్సరం ముగిసేదాకా మొదలుకాలేదు. కొన్ని క్లబ్బులు సాధన ఆపేశాయి. ఆటగాళ్లు లీగ్ మొదలుపెట్టండని బహిరంగంగా వేడుకున్నారు. అదే నెలల్లో దేశమంతా ఫుట్‌బాల్ అభిమానులు జమీల్ ఎవర్ని ఎంచుకోవాలి, ఎవర్ని పక్కన పెట్టాలి అని వాదించుకున్నారు. మ్యాచ్‌లే లేని ఆటగాళ్లలో ఎవరైతేనేం?

"అయితే కోచ్ దండగేనా?" అని అడగవచ్చు. కాదు. రెండు జట్లకు ఒకే స్థాయి ఆటగాళ్లు, ఒకే స్థాయి వసతులు ఉన్నప్పుడు మంచి కోచ్ ఉన్న జట్టే గెలుస్తుంది. 2022లో హైదరాబాద్ గెలిచింది అలాగే. కానీ ఆ సమానత్వం వచ్చేదాకా కోచ్‌ను నిందించడమూ, పొగడటమూ రెండూ అన్యాయమే.

7. ఆదోని, ఎమ్మిగనూరు అడగాల్సినవి

ఈ రెండు ఊళ్లలో ఈ నమ్మకం చేసే నష్టం ఇంకా లోతైనది. ఆట చూసేవాడు కోచ్ పేరు దగ్గరే ఆగిపోతే, తన వీధిలో బంతి తన్నే పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో కనబడదు.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం వైపు పల్లెల నుంచి ప్రతి ఏడాదీ కుటుంబాలు సుగ్గికి పోతాయి. పత్తి ఏరడానికి, మిరప కోతకు గుంటూరు వైపు, తెలంగాణ వైపు బయల్దేరుతాయి. పిల్లలూ వెంటే పోతారు. స్కూల్ జట్లు పోటీలకు సిద్ధం కావాల్సిన నెలలూ, ఊరు ఖాళీ అయ్యే నెలలూ కలిసిపోతాయి. జూన్‌లో పీఈటీ సార్ ఎంచుకున్న పదకొండు మందిలో సంక్రాంతికి ఎంతమంది మిగులుతారు? ప్రపంచంలోని ఏ కోచ్‌ను తెచ్చి ఆ బడిలో పెట్టినా, ముందు ఆ పిల్లలు అక్కడ ఉండాలి. వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లలో రెండు పూటలా భోజనంతో పాటు సాయంత్రం ఒక బంతి, ఒక శిక్షకుడు కూడా ఉండాలని అడగడం పెద్ద కోరిక కాదు.

ఇక మైదానాలు. 2022 జులై 5న అప్పటి ముఖ్యమంత్రి విద్యాకానుక పథకం సభ ఆదోని మున్సిపల్ హైస్కూల్ మైదానంలో జరిగింది. 2023 అక్టోబరు 19న చేదోడు పథకం సభ ఎమ్మిగనూరు వీవర్స్ కాలనీ మైదానంలో జరిగింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఊరి పెద్ద మైదానమే సభా స్థలం. సభ కోసం కంకర తోలుతారు, గుంతలు తవ్వి స్తంభాలు పాతుతారు, వందల బస్సులు తిరుగుతాయి. మరుసటి రోజు ఆ నేల మీద చెప్పుల్లేని కాలితో పిల్లవాడు పరుగెత్తాలి. సభ పెట్టినవాళ్లే మైదానాన్ని వారంలోగా మళ్లీ చదును చేసి అప్పగించాలన్న షరతు మున్సిపాలిటీ పెట్టవచ్చు. ఫుట్‌బాల్ అభిమానులు గుంపుగా వెళ్లి ఆ షరతు కోసం అర్జీ ఇవ్వవచ్చు. జమీల్ ఎవర్ని ఆడించాలన్న వాదనలో ఖర్చయ్యే సాయంత్రాల్లో ఒక్కటి అందుకు చాలు.

దారి చూపే ఉదాహరణ కూడా దూరంలో లేదు. గుంతకల్లు మీదుగా రైలెక్కితే అనంతపురం. 1969లో అక్కడికొచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పని నుంచి ఎదిగిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), పల్లె పిల్లల కోసం స్పోర్ట్స్ విలేజ్ కట్టి, వసతి, చదువు, సాధన ఒకేచోట ఉండే ఫుట్‌బాల్ అకాడమీ నడిపింది. స్పెయిన్ లా లిగా కూడా తోడు నిలిచింది. 2025లో ఆర్డీటీకి విదేశీ నిధుల అనుమతి పునరుద్ధరణ ఆగిపోతే అనంతపురం జనం రోడ్డెక్కారు. ఆ ఏడాది రాయలసీమ ఫుట్‌బాల్‌కు అసలు ప్రమాదం అదే. మనోలో తప్పుకున్న రోజున వచ్చినంత బాధ, ఆ వార్త విన్న రోజున ఆదోని, ఎమ్మిగనూరు అభిమానులకు రావాల్సింది.

కాబట్టి వచ్చే సీజన్ ముందు ఏ జట్టు ఏ కొత్త కోచ్ పేరు ప్రకటించినా, ఈ ప్రశ్నలు ముందు రావాలి. గత సీజన్ జీతాలు పూర్తిగా చెల్లించారా? ఫిఫా దగ్గర బకాయిల కేసులున్నాయా? పదిహేడేళ్ల లోపు జట్టు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడుతోంది? భారతీయ స్ట్రైకర్‌కు ఎన్ని నిమిషాలు ఆట దొరికింది? కర్నూలు జిల్లా లీగ్ ఈ ఏడాది ఎన్ని వారాలు నడుస్తుంది, ఆదోని డివిజన్ పిల్లలకు అందులో చోటుందా? వీటికి జవాబు చెప్పాల్సినవాళ్లు యజమానులు, సమాఖ్య, జిల్లా సంఘం, మున్సిపాలిటీ. జవాబు చెప్పేదాకా వాళ్లను వదలకూడదు, కోచ్‌ను మార్చామంటే అసలే వదలకూడదు.